న్యూరోబ్లాస్టోమాలో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల పాత్ర

న్యూరోబ్లాస్టోమా అనేది శిశువులలోను, చిన్నపిల్లలలోను నాడీ కణజాలం నుండి పుట్టే ఒక రకమైన కాన్సరు. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు అనగా ప్రోటీనులుగా తర్జుమా కాని ఆర్‌ఎన్‌ఏ అణువులు. ఈ కాన్సరులో ప్రోటీనులకు సంకేతమిచ్చే జన్యువుల ఉత్పరివర్తనలు చాలా తక్కువగా కనబడతాయి. ఒకే వ్యాధి ఒక శిశువులో చికిత్స లేకుండానే తగ్గిపోవడానికి, మరొక బిడ్డలో ప్రాణాంతకం కావడానికి గల కారణాలను ఆ ఉత్పరివర్తనలు మాత్రమే వివరించలేవు. అందువలన జన్యువుల పనిని నియంత్రించే నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల వైపు 2007 నుండి శాస్త్రవేత్తల దృష్టి మళ్ళింది. వ్యాధి తీవ్రతను ముందుగా అంచనా వేయడానికి, కొత్త చికిత్సలను రూపొందించడానికి ఈ అణువులు ఉపయోగపడగలవని భావిస్తున్నారు.

వ్యాధి పరిచయం

పిండదశలో నాడీ శిఖరం అనే భాగం నుండి కొన్ని కణాలు బయలుదేరి శరీరంలో వేర్వేరు చోట్లకు చేరి, సహానుభూత నాడీ వ్యవస్థగాను, అధివృక్క గ్రంథి లోపలి భాగంగాను మారతాయి. ఈ కణాలు పూర్తిగా పరిణతి చెందక, విభజన చెందుతూనే ఉండిపోయినపుడు న్యూరోబ్లాస్టోమా ఏర్పడుతుంది. అందుచేత ఈ కణితి ఎక్కువగా మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథిలోను, తరువాత వెన్నెముకకు ఇరుప్రక్కల ఉండే నాడీ ముడులలోను కనబడుతుంది.

పిల్లలలో మెదడు వెలుపల వచ్చే గడ్డ కాన్సర్లలో ఇదే అతి సాధారణమైనది. బాల్యంలో కాన్సరు వలన కలిగే మరణాలలో సుమారు 15 శాతానికి ఇది కారణమని అంచనా. వ్యాధి బయటపడే సగటు వయస్సు ఏడాదిన్నర ప్రాంతం. పొట్టలో గడ్డ, ఎముకల నొప్పి, జ్వరం, పాలిపోవడం, కళ్ళ చుట్టూ నల్లగా కమిలినట్లు ఉండడం దీని లక్షణాలలో కొన్ని. ఇవి ఇతర సాధారణ జబ్బులలో కూడా ఉంటాయి కనుక వ్యాధిని గుర్తించడం తరచు ఆలస్యమవుతుంది.

జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కో 1864లో ఒక బిడ్డ పొట్టలోని ఇటువంటి కణితిని వర్ణించాడు. అమెరికాకు చెందిన జేమ్స్ హోమర్ రైట్ 1910లో ఇది నాడీకణాల పూర్వరూపాల నుండి వచ్చినదని చెప్పి న్యూరోబ్లాస్టోమా అని పేరుపెట్టాడు. సూక్ష్మదర్శినిలో ఈ కణాలు గులాబీ రేకుల వలె గుండ్రంగా అమరి ఉండడాన్ని హోమర్ రైట్ రోజెట్లు అంటారు.

వ్యాధి యొక్క రెండు ముఖాలు

న్యూరోబ్లాస్టోమా నడత అన్ని పిల్లలలోను ఒకేలా ఉండదు. శిశువులలో కనబడే ఒక ప్రత్యేక దశలో కణితి కాలేయానికి, చర్మానికి పాకినప్పటికీ, చాలాసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. దీనిని పూర్వం 4ఎస్ దశ అనేవారు; 2009లో ప్రచురించిన అంతర్జాతీయ విభజనలో దాదాపు ఇదే దశకు ఎంఎస్ అని పేరు. మరొకవైపు ఏడాదిన్నర దాటిన పిల్లలలో ఎముకలకు, ఎముక మజ్జకు వ్యాపించిన వ్యాధి అత్యంత ప్రమాదకరం. తక్కువ ప్రమాదం గల వర్గంలో 95 శాతం వరకు పిల్లలు బ్రతుకుతుండగా, అధిక ప్రమాద వర్గంలో తీవ్రమైన చికిత్స తరువాత కూడా దాదాపు సగం మంది మాత్రమే దీర్ఘకాలం జీవిస్తున్నారు.

ఈ తేడాను గుర్తించకుండా వ్యాధిని వెదకడం వలన కలిగే చిక్కుకు జపాన్ అనుభవం ఒక ఉదాహరణ. ఆ దేశంలో 1985 నుండి ఆరు నెలల శిశువులందరికీ మూత్రపరీక్ష ద్వారా ఈ వ్యాధిని వెదికే పథకాన్ని అమలుచేశారు. కనుగొన్న కేసుల సంఖ్య పెరిగింది. కాని అలా బయటపడినవాటిలో చాలా భాగం దానంతట అదే తగ్గిపోయే రకానికి చెందినవి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలోను, జర్మనీలోను జరిగిన అధ్యయనాలు ఇటువంటి పరీక్షల వలన మరణాలు తగ్గలేదని 2002లో తెలిపాయి. 2003లో జపాన్ ప్రభుత్వం ఈ పథకాన్ని నిలిపివేయాలని నిర్ణయించింది. అనగా కణితి ఉన్నదా లేదా అన్నదాని కంటే, అది ఏ రకానికి చెందినదన్నది ముఖ్యమైన ప్రశ్న.

నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అనగా ఏమిటి

మానవ జన్యుపదార్థంలో ప్రోటీనులకు సంకేతమిచ్చే భాగం 2 శాతం కంటే తక్కువ. ఈ భాగంలో ఉన్న సుమారు 20,000 జన్యువుల సమాచారం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా నకలై, ఆ తరువాత ప్రోటీనుగా తర్జుమా అవుతుంది. మిగిలిన జన్యుపదార్థాన్ని చాలాకాలం వ్యర్థమని భావించారు. కాని అందులో చాలా భాగం నుండి కూడా ఆర్‌ఎన్‌ఏ తయారవుతుందని తరువాత తెలిసింది. ఈ విషయంలో ముఖ్యమైన రకాలు మూడు:

* మైక్రో ఆర్‌ఎన్‌ఏలు: సుమారు 22 న్యూక్లియోటైడుల పొడవు గల చిన్న అణువులు. ఇవి తమకు జతకుదిరే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కొని, దాని తర్జుమాను అడ్డుకుంటాయి లేదా దానిని క్షీణింపజేస్తాయి. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనేక జన్యువులను నియంత్రించగలదు. వీటిని కనుగొన్నందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.
* పొడవైన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు: సాధారణంగా 200 న్యూక్లియోటైడుల కంటే పొడవైనవి. ఇవి ప్రోటీనులను ఒకచోటికి చేర్చడం, జన్యువులను మూసివేయడం లేదా తెరవడం వంటి పనులు చేస్తాయి.
* వలయాకార ఆర్‌ఎన్‌ఏలు: రెండు కొసలు కలిసిపోయి ఉంగరం వలె ఉండే అణువులు. కొసలు లేనందువలన ఇవి త్వరగా క్షీణించవు.

ఎంవైసీఎన్ జన్యువు

న్యూరోబ్లాస్టోమాలో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల పాత్ర తెలుసుకోవడానికి ముందు ఎంవైసీఎన్ అనే జన్యువు గురించి తెలియాలి. ఇది రెండవ క్రోమోజోముపై ఉంటుంది. దీనిని 1983లో న్యూరోబ్లాస్టోమా కణాలలో కనుగొన్నారు. మామూలు కణంలో దీని ప్రతులు రెండే ఉంటాయి. దాదాపు 20 శాతం న్యూరోబ్లాస్టోమా కణితులలో ఇవి పదులు, వందల సంఖ్యలో పెరిగిపోతాయి. ఈ స్థితిని జన్యు విస్తరణ అంటారు. ఇది ఉన్న పిల్లలలో వ్యాధి వేగంగా ముదురుతుంది. ఎంవైసీఎన్ ప్రోటీను ఇతర జన్యువులను పనిచేయించే ప్రోటీను కనుక, కణవిభజనకు తోడ్పడే అనేక జన్యువులు ఒకేసారి చురుకవుతాయి.

ఎంవైసీఎన్ విస్తరణ కాక, 1వ క్రోమోజోము పొట్టి భుజం కొస, 11వ క్రోమోజోము పొడవాటి భుజం పోవడం, 17వ క్రోమోజోము పొడవాటి భుజం అదనంగా చేరడం కూడా ఈ వ్యాధిలో తరచు కనబడతాయి. అయితే ఒక్కొక్క జన్యువులో వచ్చే అక్షరదోషాలు తక్కువ. అధిక ప్రమాద వర్గానికి చెందిన 240 కేసులపై 2013లో ప్రచురితమైన అధ్యయనంలో అన్నింటికంటే ఎక్కువగా మార్పు చెందిన ఏఎల్‌కె జన్యువు కూడా 9.2 శాతం కణితులలో మాత్రమే దెబ్బతిని ఉంది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర

లెట్-7 కుటుంబం

లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కణాలను పరిణతి వైపు నడిపిస్తాయి. ఎంవైసీఎన్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కొని దాని తర్జుమాను తగ్గించడం వీటి పనులలో ఒకటి. న్యూరోబ్లాస్టోమా కణాలు ఈ అడ్డును మూడు విధాలుగా తొలగించుకుంటాయి.

మొదటిది, లిన్28బి అనే ప్రోటీను అధికమై లెట్-7 తయారీని ఆపివేయడం. ఈ సంగతి 2012లో వెల్లడైంది. లిన్28బిని అధికంగా తయారుచేసే ఎలుకలలో న్యూరోబ్లాస్టోమా ఏర్పడింది. రెండవది, జన్యు విస్తరణ వలన కుప్పలుగా తయారైన ఎంవైసీఎన్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తానే లెట్-7ను స్పాంజి వలె పీల్చుకోవడం. మూడవది, 3వ, 11వ క్రోమోజోముల ముక్కలతోపాటు లెట్-7 జన్యువులే పోవడం. చివరి రెండు విధానాలను 2016లో వివరించారు. ఎంవైసీఎన్ విస్తరణ లేని కణితులలో లెట్-7 జన్యువుల లోపం ఎక్కువగా కనబడింది. అనగా దారి వేరైనా చేరే చోటు ఒక్కటే. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కూడా తర్జుమాతో సంబంధం లేకుండా నియంత్రణ పని చేయగలదనడానికి ఇది ఒక నిదర్శనం.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34ఏ

దీని జన్యువు 1వ క్రోమోజోము పొట్టి భుజం కొసలో, న్యూరోబ్లాస్టోమాలో తరచు పోయే భాగంలోనే ఉంది. రేమండ్ స్టాలింగ్స్ బృందం 2007లో ఈ అణువును న్యూరోబ్లాస్టోమా కణాలలోనికి ప్రవేశపెట్టగా, ఆ కణాలు స్వీయమరణం చెందాయి. కణవిభజనకు తోడ్పడే ఈ2ఎఫ్3 జన్యువును ఇది అణచివేస్తుంది. ఎంవైసీఎన్ కూడా దీని లక్ష్యాలలో ఒకటని 2008లో తెలిసింది. ఆ క్రోమోజోము ముక్క పోవడం ఎందుకు హానికరమన్న పాత ప్రశ్నకు ఇది కొంతవరకు సమాధానమిచ్చింది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ 17-92 సమూహం

ఇది 13వ క్రోమోజోముపై ఒకేచోట ఉండి కలిసి తయారయ్యే ఆరు మైక్రో ఆర్‌ఎన్‌ఏల గుంపు. ఎంవైసీఎన్ ప్రోటీను దీనిని నేరుగా చురుకుపరుస్తుంది. కణవిభజనను ఆపే పి21 ప్రోటీనును, స్వీయమరణానికి తోడ్పడే బిమ్ ప్రోటీనును ఈ గుంపులోని సభ్యులు తగ్గిస్తాయి. అందుచేత కణితి పెరుగుదలకు ఇవి సహాయకారులు. మైక్రో ఆర్‌ఎన్‌ఏలలో కాన్సరును అణచేవి, పెంచేవి రెండూ ఉన్నాయని ఈ ఉదాహరణల వలన తెలుస్తుంది.

కణాల మధ్య ప్రయాణించే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు

కణాలు ఎక్సోసోములు అనే సూక్ష్మమైన తిత్తులను విడుదల చేస్తాయి. వీటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కూడా ఉంటాయి. కిశోర్ చల్లగుండ్ల ప్రథమ రచయితగా 2015లో ప్రచురితమైన అధ్యయనం న్యూరోబ్లాస్టోమా కణాలకు, వాటి చుట్టూ చేరే రక్షక కణాలైన మోనోసైట్లకు మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్ని వివరించింది. కణితి పంపిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21ను అందుకున్న మోనోసైట్లు మైక్రో ఆర్‌ఎన్‌ఏ-155ను అధికంగా తయారుచేసి తిరిగి కణితికి పంపుతాయి. ఇది టీఈఆర్‌ఎఫ్1 అనే జన్యువును అణచివేయడం వలన సిస్‌ప్లాటిన్ మందుకు కణితి లొంగకుండా పోతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-15ఏ, 15బి, 16 అనేవి ఎంవైసీఎన్‌ను నేరుగా అణచగలవని అమెరికాలోని నెబ్రాస్కాలో చల్లగుండ్ల బృందం 2020లో తెలిపింది.

పొడవైన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల పాత్ర

6వ క్రోమోజోముపై ప్రమాద స్థానం

అమెరికాలోని ఫిలడెల్ఫియా బాలల ఆసుపత్రికి చెందిన జాన్ మారిస్ బృందం 2008లో న్యూరోబ్లాస్టోమా ఉన్న పిల్లల జన్యుపదార్థాన్ని ఆరోగ్యవంతులతో పోల్చి చూసింది. 6వ క్రోమోజోముపై 6పి22 అనే స్థానంలోని చిన్న తేడాలు వ్యాధి ప్రమాదంతో ముడిపడి ఉన్నాయని, ఈ తేడాలను తల్లిదండ్రులిద్దరి నుండి పొందిన పిల్లలలో వ్యాధి తీవ్రంగా ఉండే అవకాశం ఎక్కువని కనుగొన్నారు. అయితే ఆ స్థానంలో ప్రోటీనుకు సంకేతమిచ్చే పరిచిత జన్యువు లేదు. అక్కడ ఉన్నవి ఎదురెదురు దిశలలో నకలయ్యే రెండు పొడవైన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల జన్యువులని తరువాత తేలింది. వాటి పేర్లు ఎన్‌బ్యాట్-1, క్యాస్క్-15.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చంద్రశేఖర్ కందూరి నేతృత్వంలోని బృందం 2014లో ఎన్‌బ్యాట్-1 పనిని వివరించింది. తక్కువ ప్రమాదం గల కణితులలో ఇది ఎక్కువగాను, అధిక ప్రమాద కణితులలో తక్కువగాను ఉంటుంది. ఇది ఈజెడ్‌హెచ్2 అనే ప్రోటీనుతో కలిసి కణవిభజనకు, వ్యాప్తికి తోడ్పడే జన్యువులను మూసివేస్తుంది. ఇది లోపించినపుడు ఆ జన్యువులు తెరుచుకోవడమే కాక, నాడీకణంగా పరిణతి చెందడాన్ని అడ్డుకునే ఎన్‌ఆర్‌ఎస్ఎఫ్ అనే ప్రోటీను చురుకవుతుంది. ఫలితంగా కణం పరిణతి చెందదు, విభజన మానదు.

ఇదే బృందం 2018లో ఎన్‌బ్యాట్-1, క్యాస్క్-15 జంటగా పనిచేసి సీహెచ్‌డీ7 అనే ప్రోటీను నిలకడను తగ్గిస్తాయని, తద్వారా సాక్స్9 జన్యువును అదుపులో ఉంచుతాయని తెలిపింది. 2021లో ప్రచురించిన మరొక అధ్యయనం మందులకు కణితి లొంగకపోవడానికి సంబంధించినది. కాన్సరును అడ్డుకునే పి53 ప్రోటీను జన్యువు అనేక కాన్సర్లలో చెడిపోయి ఉండగా, న్యూరోబ్లాస్టోమా మొదట బయటపడినపుడు సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటుంది. అయినా అది సరిగా పనిచేయకపోవడానికి ఒక కారణాన్ని ఈ అధ్యయనం చూపింది. ఎన్‌బ్యాట్-1 తక్కువైనపుడు పి53 కణకేంద్రకంలో ఉండక వెలుపల పోగవుతుంది. కేంద్రకం నుండి ప్రోటీనులను బయటకు పంపే సీఆర్ఎం1ను అడ్డుకోవడం ద్వారా ప్రయోగశాలలో ఈ లోపాన్ని కొంత సరిచేయగలిగారు.

ఎంవైసీఎన్ పొరుగున ఉన్న ఆర్‌ఎన్‌ఏలు

ఎంవైసీఎన్ జన్యువు విస్తరించినపుడు దాని ప్రక్కనున్న భాగాలు కూడా కలిసి విస్తరిస్తాయి. అక్కడ తయారయ్యే లింక్‌యూఎస్‌మైక్ఎన్ అనే ఆర్‌ఎన్‌ఏ నోనో అనే ప్రోటీనుతో కలిసి ఎంవైసీఎన్‌ను మరింత పెంచుతుందని 2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపారు.

ఎంవైసీఎన్‌కు ఎదురు దిశలో నకలయ్యే ఎంవైసీఎన్‌ఓఎస్‌ది ఆసక్తికరమైన చరిత్ర. దీనిని నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏగా లెక్కించేవారు. కాని దీని నుండి ఎన్‌సీవైఎం అనే చిన్న ప్రోటీను తయారవుతుందని, అది ఎంవైసీఎన్ ప్రోటీను క్షీణించకుండా కాపాడుతుందని 2014లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. నాన్‌కోడింగ్ అన్న పేరు ఆనాటికి తెలిసిన సమాచారం మీద ఆధారపడినదే తప్ప మారని నిర్ణయం కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

17వ క్రోమోజోము పొడవాటి భుజంపై ఉన్న ఎన్‌సీఆర్‌ఏఎన్ అనే ఆర్‌ఎన్‌ఏ అధికంగా ఉండడం వ్యాధి తీవ్రతకు సూచన అని 2009లో వెల్లడైంది. ఆ భుజం అదనంగా చేరడం ఈ వ్యాధిలో తరచు కనబడే మార్పు అన్నది గమనించదగినది.

వలయాకార ఆర్‌ఎన్‌ఏలు

ఇవి ఈ రంగంలో ఆలస్యంగా అధ్యయనానికి వచ్చినవి. న్యూరోబ్లాస్టోమా కణితులలోని వలయాకార ఆర్‌ఎన్‌ఏలను విస్తృతంగా లెక్కించిన అధ్యయనం 2023లో వెలువడింది. ఎంవైసీఎన్ విస్తరణ గల కణితులలో ఇవి మొత్తం మీద తగ్గిపోయి ఉన్నాయని, ఈ తగ్గుదలలో ఎంవైసీఎన్ పెంచే డీహెచ్ఎక్స్9 అనే ప్రోటీనుకు పాత్ర ఉన్నదని అందులో తెలిపారు.

వ్యాధి నిర్ణయంలో ఉపయోగం

ప్రస్తుతం వ్యాధి ప్రమాద వర్గాన్ని బిడ్డ వయస్సు, వ్యాధి దశ, కణజాల లక్షణాలు, ఎంవైసీఎన్ స్థితి, క్రోమోజోము మార్పుల ఆధారంగా నిర్ణయిస్తారు. 25 మైక్రో ఆర్‌ఎన్‌ఏల స్థాయిలను కలిపి చూసి వ్యాధి ఫలితాన్ని అంచనా వేయవచ్చునని 2011లో బెల్జియం శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగిన అధ్యయనం చూపింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చిన్నవి కావడం వలన ఫార్మలిన్‌లో భద్రపరచి మైనంలో పొదిగిన పాత కణజాల నమూనాలలో కూడా చాలావరకు నిలిచి ఉంటాయి. అప్పటికప్పుడు ఘనీభవింపజేసిన కణజాలం దొరకని ఆసుపత్రులకు ఇది ముఖ్యమైన సౌలభ్యం. రక్తంలో తిరిగే మైక్రో ఆర్‌ఎన్‌ఏల ద్వారా చికిత్స ఫలితాన్ని గమనించే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. అయితే ఇవి సాధారణ వైద్యంలో ప్రామాణిక పరీక్షలు కాలేదు.

చికిత్సకు సంబంధించిన ప్రయత్నాలు

అధిక ప్రమాద వర్గానికి కీమోథెరపీ, శస్త్రచికిత్స, సొంత రక్తమూలకణాల మార్పిడి, రేడియేషన్, కణాలను పరిణతి చెందించే ఐసోట్రెటినోయిన్, జీడీ2 అణువుపై పనిచేసే ప్రతిరక్షకాలు వాడుతారు. జీడీ2 ప్రతిరక్షకమైన డైనుటుక్సిమాబ్‌కు 2015లోను, వ్యాధి తిరగబెట్టకుండా ఇచ్చే ఎఫ్లోర్నిథిన్‌కు 2023లోను అమెరికాలో అనుమతి లభించింది. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ ఆధారిత మందు ఏదీ ఈ వ్యాధికి ఇంతవరకు ఆమోదం పొందలేదు.

ఇందులో ప్రధానమైన ఆటంకం ఆర్‌ఎన్‌ఏను కణితి వరకు చేర్చడం. రక్తంలో కలిసిన ఆర్‌ఎన్‌ఏ త్వరగా క్షీణిస్తుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం కాలేయానికి, మూత్రపిండాలకు చేరుతుంది. స్టాలింగ్స్ బృందం జీడీ2 ప్రతిరక్షకం పూసిన సూక్ష్మ కణికలలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34ఏను ఉంచి ఎలుకలలో కణితి పెరుగుదలను తగ్గించగలిగింది. ఈ ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. మరొక ప్రయత్నంలో ఎంఆర్ఎక్స్34 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34ఏ మందును వివిధ కాన్సర్లు గల పెద్దవారిపై 2013 నుండి పరీక్షించారు. రక్షణ వ్యవస్థకు సంబంధించిన తీవ్రమైన దుష్ఫలితాలు, మరణాలు సంభవించడంతో 2016లో ఆ పరీక్షను ఆపివేశారు. ప్రయోగశాలలో కణాన్ని చంపే అణువు మందుగా మారడానికి చాలా దూరం ఉందని ఈ అనుభవం తెలిపింది.

హైదరాబాదు ఉత్తర ప్రాంతంలో సంబంధిత సంస్థలు

తెలంగాణలో ఈ వ్యాధికి చికిత్స ప్రధానంగా హైదరాబాదు నగరంలోని కాన్సరు ఆసుపత్రులలో జరుగుతుంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె కాన్సరు సంస్థ వీటిలో ప్రభుత్వ రంగానికి చెందినది. ఆర్‌ఎన్‌ఏ పరిశోధనకు, జీవసాంకేతిక ఉత్పత్తులకు అవసరమైన వసతులు మాత్రం ఎక్కువగా నగరానికి ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ఏర్పడినాయి. 2016లో జిల్లాల పునర్విభజన తరువాత ఈ రెండు ఊళ్ళు మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనికి వచ్చాయి.

* జీనోమ్ వ్యాలీ: శామీర్‌పేట, తుర్కపల్లి పరిసరాలలో 1999లో మొదలైన జీవసాంకేతిక పరిశ్రమల ప్రాంతం. టీకాలు, మందుల పరిశోధన సంస్థలు ఇక్కడ ఉన్నాయి.
* జాతీయ జంతు వనరుల కేంద్రం: భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జీనోమ్ వ్యాలీలో ఏర్పడిన సంస్థ. ఆర్‌ఎన్‌ఏ మందులను మనుషులపై పరీక్షించే ముందు సాధారణంగా జంతువులలో పరీక్షిస్తారు కనుక ఇటువంటి కేంద్రాలకు ప్రాముఖ్యత ఉంది.
* బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం: శామీర్‌పేట దగ్గర జవహర్‌నగర్‌లో 2008లో ప్రారంభమైంది. ఇక్కడి జీవశాస్త్ర విభాగంలో పొడవైన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలపై పరిశోధన జరుగుతున్నది.
* శాంతా బయోటెక్నిక్స్: మేడ్చల్‌లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన సంస్థ. జన్యు పునస్సంయోజన పద్ధతిలో తయారైన హెపటైటిస్-బి టీకాను 1997లో విడుదల చేసింది. విదేశీ టీకా ధర సామాన్యులకు అందని కాలంలో అదే రకమైన టీకాను చౌకగా తయారుచేయవచ్చునని ఇది నిరూపించింది. ఖరీదైన ఆర్‌ఎన్‌ఏ మందుల విషయంలోను ఇదే ప్రశ్న ఎదురుకానున్నది.

భారతదేశంలో అనేక పిల్లలు వ్యాధి ముదిరిన తరువాతనే ఆసుపత్రికి చేరుతున్నారు. జీడీ2 ప్రతిరక్షకాల వంటి చికిత్సల ఖర్చు సామాన్య కుటుంబాలకు అందుబాటులో లేదు. ఏ బిడ్డకు తీవ్రమైన చికిత్స అవసరమో, ఏ బిడ్డకు అనవసరమో చవకగా తెలిపే పరీక్ష లభించినట్లయితే పరిమితమైన వనరులు గల ఆసుపత్రులకు మేలు కలుగుతుంది.

పరిమితులు

నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల గురించిన సమాచారంలో ఎక్కువ భాగం ప్రయోగశాలలో పెంచిన కణాల నుండి వచ్చినది. ఎక్కువగా వాడే ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే కణాల మూలం 1970లో నాలుగేళ్ళ బాలిక ఎముక మజ్జ నుండి తీసిన నమూనా. దశాబ్దాలుగా పాత్రలలో పెరుగుతున్న కణాలు నేటి రోగి కణితికి అచ్చమైన ప్రతిరూపాలు కావు. పొడవైన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలలో చాలావాటికి ఎలుకలలో సరిసమానమైనవి లేకపోవడం మరొక ఇబ్బంది. ఒక ఆర్‌ఎన్‌ఏ స్థాయి వ్యాధి తీవ్రతతో పాటు పెరిగినంత మాత్రాన అదే వ్యాధికి కారణమని చెప్పడానికి వీలులేదు. పైగా న్యూరోబ్లాస్టోమా అరుదైన వ్యాధి కావడం వలన తగినన్ని నమూనాలు సేకరించడానికి అనేక దేశాల ఆసుపత్రులు కలిసి పనిచేయవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* కాన్సర్
* ఆర్‌ఎన్‌ఏ
* జన్యువు
* అధివృక్క గ్రంథి
* రెటీనోబ్లాస్టోమా
* జీనోమ్ వ్యాలీ
* శామీర్‌పేట
* మేడ్చల్